లోహముల స్థానమున కార్బను తంతువుల ప్లాస్టిక్కులు

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నమునకు చేరువగా, వరాహనది ఒడ్డున బలిఘట్టమను గ్రామము కలదు. తూర్పుకనుమల వాలులనుండి దిగివచ్చు ఈ నది ఇచట కొంతదూరము ఉత్తరముఖముగా ప్రవహించును. అందుచే ఈ గ్రామమందలి బ్రహ్మలింగేశ్వరాలయము యాత్రికులకు ముఖ్యస్థలమైనది. బలిఘట్టము దాటిన పిమ్మట నది దిగువకు సాగి, కొయ్యబొమ్మలకు పేరొందిన ఏటికొప్పాక గ్రామము ప్రక్కగా పోయి బంగాళాఖాతము చేరును.

ఈ నదీతీరమున చిరకాలముగా తెలిసిన రెండు పనులు, నేడు ప్రపంచమందలి విమాన కర్మాగారములలో జరుగుచున్న ఒక పెద్ద మార్పును సులభముగా బోధింపగలవు. అందు మొదటిది మట్టిగోడ పని. వట్టి అడుసుతో గోడ పెట్టినచో అది ఎండకు బీటలు వారును. అడుసులో ఎండుగడ్డి కలిపి బాగుగా త్రొక్కి పెట్టినచో ఆ గోడ చాలకాలము నిలుచును. ఇందు మట్టి గడ్డిని కదలనీయక పట్టియుంచును. గోడను చీల్చుటకు యత్నించు లాగుడును గడ్డిపరక ఓర్చుకొనును. ఒకదానికి లేని గుణమును మరియొకటి సమకూర్చును.

రెండవది ఏటికొప్పాక బొమ్మల పని. 2017 లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలను అంకుడు కర్రతో చేయుదురు. కర్రముక్కను లేతు యంత్రముపై గిరగిర త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తి పట్టుదురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క మెత్తబడి కర్రకు పూతగా అంటుకొనును; చల్లారగనే గట్టిపడి మెరయును. ఇచట లక్కకు జరిగిన మార్పు కేవలము మెత్తబడి గట్టిపడుటయే. మరల వేడి తగిలినచో మరల మెత్తబడును.

గడ్డి కలిపిన మట్టి, వేడికి కరగు లక్క: ఈ రెండు సూత్రములను ఒకచోట చేర్చి, గడ్డికి బదులు కార్బను తంతువును, లక్కకు బదులు థర్మోప్లాస్టిక్ అను కృత్రిమ రెజినును వాడినచో లభించు పదార్థమే ఈ వ్యాసమునకు విషయము. ఉక్కు, అల్యూమినియము భాగముల స్థానమున దీనిని ఏల వాడుచున్నారు? బరువు నిజముగా ఎంత తగ్గును? ఏ చోట లోహమే ఉండవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో విషయము బోధపడినట్లే.

లక్కలో పోగులు కలుపుట కూడ క్రొత్త సంగతి కాదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత గ్రామఫోను రికార్డులు అట్లు తయారైనవే. లక్కలో మెత్తని రాతిపొడిని, కొంత ప్రత్తినూగును కలిపి, వేడిచేసి, అచ్చుల నడుమ నొక్కి, చల్లార్చిన రికార్డు సిద్ధమయ్యెడిది. పగిలిన రికార్డులను కరగించి తిరిగి ఒత్తుట సాధ్యమయ్యెడిది. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున లక్షలాది గృహములలో పాటలు వినిపించినది ఈ పదార్థమే. క్రిందపడిన పగులుట దాని దోషము.

కార్బను తంతువు పుట్టుక

కార్బను తంతువును మొదట కోరినది బలముకొరకు కాదు, వెలుతురుకొరకు. 1879 లో ఎడిసను విద్యుద్దీపమున కాల్చి బొగ్గుచేసిన నూలుపోగును అమర్చెను. పిమ్మట వెదురుపోగును వాడెను. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ కూడ అట్టి పోగులనే ఉపయోగించెను. టంగ్‌స్టను తీగ వచ్చిన తరువాత ఆ పోగుల అవసరము తీరిపోయినది.

1958 లో అమెరికాయందు యూనియన్ కార్బైడ్ పరిశోధనశాలలో రోజర్ బేకన్ అను శాస్త్రజ్ఞుడు గ్రాఫైటుతో కూడిన సూక్ష్మతంతువులను తయారుచేసి, వాటి బలము అసాధారణమని చూపెను. కొలది కాలమునకే జపానులో అకియో షిండో అను శాస్త్రజ్ఞుడు, ఉన్నిని పోలిన కృత్రిమ వస్త్రములకు వాడు పాలీఆక్రిలోనైట్రైల్ పోగునుండి కార్బను తంతువును రాబట్టెను. 1960 తరువాత ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధనశాలవారు, ఆ పోగును వేడిచేయునపుడు కుంచించుకొనిపోకుండ బిగబట్టి ఉంచినచో తంతువు మరింత బలిష్ఠమగునని గ్రహించిరి. 1971 లో జపానుదేశపు టోరే సంస్థ దీనిని వాణిజ్యస్థాయిలో ఉత్పత్తి చేయ మొదలిడెను.

తయారగు విధానము ఇట్టిది. పాలీఆక్రిలోనైట్రైల్ పోగులను లాగి పట్టి, 200 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు గాలి తగులనిచ్చుచు నెమ్మదిగా మార్పు చేయుదురు. దీనివలన పోగు తరువాతి దశలో కరగక నిలుచును. పిమ్మట ఆక్సిజను లేని నైట్రొజను వాతావరణమున 1000 నుండి 1500 డిగ్రీలవరకు వేడిచేయుదురు. హైడ్రొజను, నైట్రొజను మొదలగునవి వాయురూపమున వెడలిపోవగా మిగులునది దాదాపు అంతయు కార్బనే. బయలుదేరిన పోగు బరువులో సుమారు సగము మాత్రమే తంతువుగా చేతికి వచ్చును. ఇన్ని దశలు, ఇంత వేడి, ఇంత తరుగు ఉండుటచేతనే కార్బను తంతువు వెల ఉక్కు వెలకంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

ఒక్కొక్క తంతువు మందము 5 నుండి 7 మైక్రానులు. అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతులు ఐదో ఏడో మాత్రమే. తలవెంట్రుక దీనికి సుమారు పదిరెట్లు లావుగా ఉండును. ఇట్టి వేలాది తంతువులను ఒక జడగా చేర్చి కండెలకు చుట్టుదురు. ఈ జడను చేతితో వంచినచో నూలువలె వంగును. బల్లపై నిలబెట్టినచో కూలిపోవును. తంతువు లాగుడును మాత్రమే ఓర్చుకొనగలదు. దానిని నిలిపి, ఒకదాని భారమును ప్రక్కదానికి అందించుటకు రెజిను కావలెను.

వేడికి మెత్తబడునవి, మెత్తబడనివి

ప్లాస్టిక్కులు రెండు జాతులు. ఒక జాతి కుండవంటిది. పచ్చికుండను నీటిలో కరిగించి తిరిగి మట్టిగా చేయవచ్చును; ఆవములో కాల్చిన తరువాత అది ఎన్నటికిని మట్టి కాదు. ఎపాక్సీ, బేకలైటు ఇట్టివి. వీటిని థర్మోసెట్ ప్లాస్టిక్కులందురు. గట్టిపడునపుడు వీటి అణువుల నడుమ రసాయనబంధములు అడ్డముగా ఏర్పడి, అంతయు ఒకే వలగా అల్లుకొనును. ఆ వలను వేడి విప్పజాలదు, మితిమించినచో మాడ్చును.

రెండవ జాతి లక్కవంటిది. వీటిలోని పొడవైన అణువులు గిన్నెలోని సేమియావలె ఒకదానితో నొకటి పెనవేసికొనియుండును గాని, అడ్డబంధములు ఉండవు. వేడికి జారును, చల్లారిన బిగియును. ఇవియే థర్మోప్లాస్టిక్కులు. ఇండ్లలో వాడు బక్కెటలకు పనికివచ్చు పాలీప్రొపిలీను, పళ్లచక్రములకు వాడు నైలాను, రసాయనములకు చెదరని పాలీఫినిలీన్ సల్ఫైడు ఈ జాతిలోనివే. వీటన్నిటిలో పేరొందినది 1978 లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థవారు తయారుచేసిన పీక్ అను ప్లాస్టిక్. పాలీప్రొపిలీను సుమారు 160 డిగ్రీలకు కరగగా, 6,6 రకపు నైలాను 260 డిగ్రీల ప్రాంతమున, పాలీఫినిలీన్ సల్ఫైడు 280 డిగ్రీల ప్రాంతమున కరగును. పీక్ కరగుటకు 343 డిగ్రీలు కావలెను.

తొలినాళ్ళలో కార్బను తంతువులకు ఎపాక్సీయే తోడైనది. దానికి కారణమున్నది. గట్టిపడకముందు ఎపాక్సీ నూనెవలె పలుచన. కోట్లాది తంతువుల సందులలోనికి సులభముగా ప్రవేశించును. కరగిన థర్మోప్లాస్టిక్ పాకమువలె చిక్కన. తంతువులను పూర్తిగా తడుపదు. తడియని చోట గాలిబుడగలు మిగిలి, ఆ స్థలము బలహీనమగును. ఈ చిక్కును తీర్చుటకు ప్లాస్టిక్కును మెత్తని పొడిగా చేసి తంతువులపై చల్లుట, పలుచని రేకులుగా చేసి నడుమ నడుమ పరచి నొక్కుట, ప్లాస్టిక్ పోగులను కార్బను పోగులతో కలిపి నేయుట మొదలగు ఉపాయములు వచ్చినవి.

ఇంత శ్రమపడుట ఏలయన, థర్మోప్లాస్టిక్కునకు మూడు లాభములున్నవి. ఎపాక్సీ గట్టిపడుటకు కొలిమియందు గంటలతరబడి ఉండవలెను. థర్మోప్లాస్టిక్ చల్లారుటకు కొన్ని నిమిషములు, చిన్న భాగములకు కొన్ని సెకండ్లు చాలును. ఎపాక్సీ పూసిన బట్టను చెడకుండ శీతలపేటికలో దాచవలెను. దీనికి ఆ బెడద లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, రెండు థర్మోప్లాస్టిక్ భాగములను వేడిచేసి ఒకదానికొకటి అతుకవచ్చును. లోహమును వెల్డింగు చేసినట్లే ఇదియు. రివిట్లకొరకు రంధ్రములు తొలుచుట, తొలిచిన చోట తంతువులు తెగుట తప్పిపోవును.

బరువు లెక్క

కార్బను తంతువు ఉక్కుకంటె బలమైనదని తరచు చెప్పుదురు. ఆ మాట ఎంతవరకు నిజమో లెక్కవేసి చూడవలెను.

ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు, అల్యూమినియము 2.7 గ్రాములు, కార్బను తంతువు సుమారు 1.8 గ్రాములు, పీక్ ప్లాస్టిక్ 1.3 గ్రాములు తూగును. పదార్థము సాగక నిలుచు గుణమును యంగ్ గుణకముతో కొలుతురు. ఈ సంఖ్య ఎంత పెద్దదైన పదార్థము అంత బిగువు. ఉక్కునకు ఇది 210 గిగాపాస్కలులు, అల్యూమినియమునకు 70, సాధారణ రకపు కార్బను తంతువునకు 230.

ఘనపరిమాణమున 60 పాళ్లు తంతువు, 40 పాళ్లు పీక్ ఉండి, తంతువులన్నియు ఒకే దిక్కున పరచిన పలకను తీసికొందము. దాని సాంద్రత 1.6. తంతువుల దిక్కున దాని గుణకము 230 లో 60 శాతము, అనగా సుమారు 138. గుణకమును సాంద్రతచే భాగించినచో బరువునకు తగిన బిగువు తెలియును. ఉక్కునకు ఇది 27, అల్యూమినియమునకు 26, ఈ పలకకు 86. అనగా ఒకే బరువునకు మూడురెట్లకు పైగా బిగువు. ఉక్కు, అల్యూమినియము ఈ లెక్కలో దాదాపు సమానమగుట కూడ గమనింపదగినది.

ఇంతవరకు శుభమే. కాని అదే పలకను అడ్డముగా లాగినచో తంతువులు సాయపడవు. భారమంతయు రెజినుపై పడును. అప్పుడు గుణకము 10 గిగాపాస్కలుల ప్రాంతమునకు పడిపోవును. వెదురును నిలువున చీల్చుట ఎంత సులభమో, అడ్డముగా విరుచుట ఎంత కష్టమో పల్లెవాసులందరు ఎరుగుదురు. ఇదియు అంతే. ఈ దోషము పోగొట్టుటకు చాపలో పేకవలె తంతువుల పొరలను నాలుగు దిక్కులకు మార్చి మార్చి పరచినచో, అన్ని దిక్కులను సుమారు 50 గిగాపాస్కలులు వచ్చును. దానిని 1.6 చే భాగించిన 31. అల్యూమినియమునకు 26 అని పైన చూచితిమి. మూడురెట్ల లాభము ఇట్లు అయిదవవంతు లాభముగా మారిపోయినది!

ఈ విషయమునకంతకు మూలసూత్రము ఇచట ఉన్నది. లోహభాగపు ఆకారమునే తీసికొని, పదార్థమును మాత్రము మార్చినచో గొప్ప ఫలము రాదు. ఆ భాగముపై బరువు ఏ దిక్కునుండి వచ్చి ఏ దిక్కునకు పోవుచున్నదో ముందు తెలిసికొని, తంతువును ఆ త్రోవన పరచినవాడే తేలికదనమును పొందును.

తంతువులను అతిచిన్న ముక్కలుగా నరికి ప్లాస్టిక్కులో కలుపు పద్ధతి వేరొకటి కలదు. నూటికి 30 పాళ్లు బరువున కార్బను ముక్కలు కలిపిన నైలానునకు గుణకము సుమారు 20, సాంద్రత సుమారు 1.28. అల్యూమినియము గుణకములో ఇది మూడవవంతైనను లేదు. అయినను వంగుటను ఓర్చుకొను పలకకు మందము చాల ముఖ్యము. మందమును రెండింతలు చేసిన బిగువు ఎనిమిదింతలగును. కావున అల్యూమినియము పలకతో సమానమైన బిగువు రావలెనన్న నైలాను పలకను ఒకటిన్నర రెట్లు మందముగా చేసిన చాలును. అప్పుడు కూడ దాని బరువు అల్యూమినియము పలక బరువులో 72 శాతము మాత్రమే. ఉక్కు పలకకు మారుగా వాడినచో మందము రెండింతలకు పైగా కావలెను. బరువు మాత్రము 36 శాతమే. అంత మందమునకు చోటున్నదా అనునదే యంత్రనిర్మాత ప్రశ్న.

భాగములు తయారగు విధము

ముక్కలు కలిపిన ప్లాస్టిక్కును బియ్యపుగింజలవంటి గుళికలుగా చేసి అమ్ముదురు. వీటిని వేడిగొట్టములో కరగించి, మరచుట్టుగల కడ్డీతో ముందుకు త్రోసి, ఉక్కు అచ్చులోనికి జిమ్ముదురు. బక్కెటలు, కలముల గొట్టములు చేయు పద్ధతియే ఇది. లోహభాగమైనచో పోతపోసి, లేతుపై తరిగి, రంధ్రములు తొలిచి, గరుకు తీయవలెను. ఇచట పళ్లు, రంధ్రములు, పక్కెలు అన్నియు ఒకేమారు అచ్చులో వచ్చును. ప్రపంచమున కార్బను తంతువుల ఉత్పత్తిలో అగ్రగామియైన టోరే సంస్థ తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందు యంత్రభాగములకు పనికివచ్చు ప్లాస్టిక్కుల కర్మాగారమును నెలకొల్పినది.

అఖండమైన తంతువులు గల పలకలకు మరియొక పద్ధతి. పలకను ఎర్రని దీపముల క్రింద మెత్తబరచి, వెంటనే అచ్చుల నడుమ ఉంచి నొక్కుదురు. అప్పడముల పిండిని ఒత్తినట్లు కొలది నిమిషములలో పని ముగియును. ఎయిర్‌బస్ ఎ 350 విమానమునందు దేహపు తొడుగును లోపలి పక్కెలతో కలుపు చిన్న బిగింపులను వేలసంఖ్యలో ఇట్లే కార్బను తంతువుల థర్మోప్లాస్టిక్కుతో చేసిరి. అంతకు ముందే ఎ 380 విమానపు రెక్కల ముందంచులను గాజుతంతువులు కలిపిన థర్మోప్లాస్టిక్కుతో చేసి, భాగములను వేడితో అతికిరి. 2009 లో తొలిసారి ఎగిరిన గల్ఫ్‌స్ట్రీమ్ జి 650 విమానమునకు తోకపై నున్న చుక్కాని కూడ కార్బను తంతువుల థర్మోప్లాస్టిక్కుతో అతికి చేసినదే.

మన దేశమున ఎపాక్సీ జాతి రెజినులతో కూడిన కార్బను పదార్థములకు చక్కని అనుభవమున్నది. 2001 జనవరి 4 న మొదట ఎగిరిన తేజస్ యుద్ధవిమానపు దేహము బరువులో సుమారు 45 శాతము సంయోజిత పదార్థమే. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలు అగ్ని క్షిపణులకు కావలసిన ఉష్ణకవచమును కార్బను తంతువులతో రూపొందించినవి. 1989 మే 22 న ఎగిరిన మొదటి అగ్ని క్షిపణి ముక్కుకు అట్టి కవచమే రక్ష.

నడచువాని కాలిబరువు

క్షిపణికి తేలికదనము ఎంత అవసరమో నడువలేని పిల్లవానికి అంతకంటె ఎక్కువ అవసరము. హైదరాబాదు పరిశోధనశాలల చరిత్రలో దీనిని తెలుపు ఒక సంఘటన కలదు. అబ్దుల్ కలాం తన ఉపన్యాసములలో దీనిని పలుమారులు వివరించెను. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకడు ఆ పరిశోధనశాలకు వచ్చి, అగ్ని క్షిపణికొరకు చేసిన తేలిక పదార్థమును చేతితో ఎత్తి చూచి, కలాంగారిని తన ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచట పోలియోవంటి వ్యాధులకు గురియైన పిల్లలు మూడు కిలోగ్రాములకు పైగా బరువుగల లోహపు ఆధారములను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొనుచు నడచుచుండిరి. మూడు వారములలో పరిశోధనశాలవారు 300 గ్రాముల ఆధారములను చేసి ఇచ్చిరి. పిల్లలు వాటిని తొడిగికొని నడచుచుండగా తల్లిదండ్రుల కన్నులు చెమర్చినవని, తన పనులలో అది మిక్కిలి తృప్తినిచ్చినదని కలాం చెప్పెను.

ఇందు బరువు పదవవంతు అగుటకంటె గ్రహింపవలసిన విషయము ఒకటున్నది. వీపుపై మోయు కిలోగ్రాముకంటె పాదమునకు కట్టిన కిలోగ్రాము మనిషిని ఎక్కువ అలయించును. ఏలయన ప్రతి అడుగునందును దానిని నేలనుండి ఎత్తి, ముందుకు విసరి, మరల ఆపవలెను. పిల్లవాడు బడికి వేయి అడుగులు వేసినచో ఆ శ్రమ అన్నిసార్లు జరుగును. కావున కాలిచివర తగ్గిన ప్రతి గ్రాము రెండింతల మేలు.

ఈ పరంపరలోనే 2025 జూలై 14 న యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగరులోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో కార్బను తంతువులతో చేసిన కృత్రిమపాదమొకటి ఆవిష్కరింపబడినది. ఆ సంస్థయు, హైదరాబాదులోని రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలయు కలిసి దీనిని రూపొందించినవి. 125 కిలోగ్రాముల భారమువరకు దీనిని పరీక్షించిరి. వేర్వేరు బరువులు గల మనుష్యులకు సరిపోవునట్లు మూడు రకములు చేసిరి. ఇటువంటి విదేశీ పాదము వెల సుమారు రెండు లక్షల రూపాయలు కాగా, దీని ఉత్పత్తి వ్యయము ఇరువది వేలకు లోపుగా ఉండునని అంచనా.

ఈ పాదము పనిచేయు తీరు ఎడ్లబండి కమానుపట్టీని పోలియుండును. మడమ నేలను తాకగనే వంపుగానున్న కార్బను పట్టీ వంగి, మనిషి బరువులోని శక్తిని దాచుకొనును. ముందడుగు వేయునపుడు ఆ శక్తిని తిరిగియిచ్చి పాదమును ముందుకు నెట్టును. లక్షలసార్లు వంగినను అలసిపోక, బరువు తక్కువగా ఉండు పదార్థము దీనికి కావలెను. ఉక్కుపట్టీకి బిగువున్నది గాని బరువు ఎక్కువ. మామూలు ప్లాస్టిక్కునకు తేలికదనమున్నది గాని తిరిగి నెట్టు శక్తి చాలదు. ఇచట బరువు వచ్చు దిక్కు ముందే తెలిసియున్నది. తంతువులను పట్టీ పొడవునకే పరుపవచ్చును. మూడురెట్ల లాభము చేతికి దక్కు సందర్భములలో ఇది యొకటి.

లోహము తొలగరాని చోటు

క్రొత్త పదార్థముపై మోజు ఎంతటి నష్టము తేగలదో రోల్స్‌రాయిస్ సంస్థ చరిత్ర చెప్పును. ఆ సంస్థ 1960 తరువాత ఆర్.బి. 211 అను విమానపు ఇంజనుకు ముందున్న పంకారెక్కలను కార్బను తంతువులతో చేయనెంచెను. 1970 లో పక్షి ఢీకొన్నపుడు ఏమగునో తెలిసికొను పరీక్షయందు ఆ రెక్కలు విఫలమయ్యెను. సంస్థ మరల టైటానియము లోహమునకు మరలెను. ఆ ఇంజను నిర్మాణమునకైన వ్యయము మితిమీరగా 1971 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసెను. ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనవలసివచ్చెను. ఆ రెక్కలు లాగుడును ఓర్చినవి, అడ్డదెబ్బను ఓర్వలేకపోయినవి.

దెబ్బ తగిలినపుడు లోహము సొట్టపడి, తన గాయమును కన్నులకు చూపును. తంతువుల పలక పైకి నున్నగా ఉండి, లోపల పొరలు విడిపోవచ్చును. కావున విమానభాగములను శబ్దాతీత తరంగములతో పరీక్షింతురు. చిన్న కర్మాగారమున అట్టి పరికరము లేనిచో, ప్రాణములు ఆధారపడిన భాగమున లోహమును మార్చకుండుటయే మేలు.

వేడి మరియొక హద్దు. కరగు వేడిమికి చాల ముందే థర్మోప్లాస్టిక్ సడలును. పీక్ 343 డిగ్రీలకు కరగినను 143 డిగ్రీల ప్రాంతముననే బిగువు తగ్గుట మొదలగును. ఎడతెగని బరువు మోయుచు వేడిలోనున్న భాగము కాలక్రమమున కొద్దికొద్దిగా సాగును. ఇంజను లోపలి వేడిచోట్ల ఉక్కు, టైటానియములకు ఇది సాటిరాదు.

సముద్రతీర ప్రాంతములవారు ఎరుగవలసిన చిక్కు ఒకటున్నది. కార్బను విద్యుత్తును ప్రసరింపజేయును. కార్బను పలకను అల్యూమినియముతో తాకించి బిగించి, దానిపై ఉప్పునీరు పడినచో ఆ జంట చిన్న బ్యాటరీవలె పనిచేయును; అల్యూమినియము త్వరగా తినబడును. రెండింటి నడుమ గాజుతంతువుల పొర నొకదానిని ఉంచి దీనిని నివారింతురు. విశాఖపట్నమువంటి రేవులలో వాడు పరికరములకు ఈ జాగ్రత్త తప్పనిసరి.

కడపటిది తిరిగి వాడుక. విరిగిన ఉక్కును కరగించి ఎన్నిసార్లయినను ఉక్కుగా పోయవచ్చును. ఎపాక్సీతో చేసిన భాగమునుండి తంతువును విడదీయుటకు రెజినును కాల్చివేయవలెను. థర్మోప్లాస్టిక్ భాగమును ముక్కలుచేసి, కరగించి, మరల అచ్చుపోయవచ్చును. లక్కకున్న గుణము ఇచట అక్కరకు వచ్చును. అయితే ప్రతిమారును తంతువు మరికొంత తెగి పొట్టిదగును. విమానపు బిగింపుగా పుట్టినది రెండవ జన్మమున పెట్టెమూతగానో పిడిగానో ఉండును. తంతువును చేయుటకైన వేడి, వ్యయము దృష్టిలో ఉంచుకొన్నచో ఆ రెండవ జన్మము కూడ విలువైనదే.

ఈ పరిమితులన్నిటిని చూచినపుడు ఈ పదార్థము ఎవరికి తగునో స్పష్టమగును. కదలక నేలపై నిలుచు యంత్రపు పీఠమునకు బరువు బాధ కాదు. అచట చవకైన పోత ఇనుమే ఉచితము. కదలు వస్తువున, అందును ఎగురు వస్తువున, మిగిలిన ప్రతి గ్రాము జీవితకాలమంతయు ఇంధనమును ఆదాచేయును. మనిషి శరీరమునకు కట్టిన వస్తువున ఆ గ్రాము మనిషి ఓపికనే ఆదాచేయును. ఎపాక్సీవలె గంటలు పట్టక నిమిషములలో అచ్చుపోయగల థర్మోప్లాస్టిక్కులవలన ఇట్టి భాగముల వెల తగ్గించుటకు వీలున్నది. బీబీనగరున ఆవిష్కరింపబడిన పాదమువంటివి వెల తగ్గి, తాలూకా ఆసుపత్రులవరకు చేరిన దినమున, విమానములకొరకు పుట్టిన ఈ విజ్ఞానము ఏజెన్సీ గ్రామములనుండి నర్సీపట్నమునకు వచ్చు రోగికి కూడ అందుబాటులోనికి వచ్చినట్లగును.